పదివేలమందిలో ఆఖరి ముసలమ్మ

మేనత్త బొమ్మ పదివేలలో పదివేలవ స్థానంలో ఉందని మేనకోడలికి ఒక సోమవారం ఉదయం తెలిసింది. అంతకంటే కిందకు పోవడానికి చోటు లేదు కాబట్టి అక్కడ ఆగింది.

మేనకోడలు పనిచేసేది టైర్ల దుకాణం పైన రెండు గదుల్లో నడిచే కంపెనీలో. ఆ కంపెనీ కంప్యూటరులో తప్ప మరెక్కడా ఉండని బొమ్మలు తయారుచేసి అమ్ముతుంది. కొన్నవాళ్ల చేతికి ఏమీ రాదు. ఫలానా బొమ్మ ఫలానావారిదని ఎవరూ చెరపలేని చోట రాసి ఉంటుంది, అంతే. ఆ మాత్రం దానికే జనం ఎగబడతారు. ఈసారి సరుకు ముసలమ్మల మొహాలు, మొత్తం పదివేలు. అన్నీ కూర్చుని గీస్తే గీసే మనిషే ముసలమ్మ అయిపోతుంది గనక పద్ధతి వేరు. కళ్లు కొన్ని రకాలు, ముక్కులు కొన్ని రకాలు, నోళ్లు కొన్ని, అలా ఏడు భాగాలు మేనకోడలు విడివిడిగా గీసి ఇస్తే, కంప్యూటరు వాటిని పేకముక్కల్లా కలిపి మొహాలు పేరుస్తుంది.

ఆ మొహాలన్నిటికీ మూలం మేనత్త. ఆవిడ పాతబట్టలు సరిచేసి ఇచ్చే దర్జీ. వీధి గదిలో కుట్టుమిషను వేసుకుని, తల్లి లేని మేనకోడలిని ఆ మిషను చప్పుడులోనే పెంచి పెద్దచేసింది. ఫొటో అంటే మొహం తిప్పేసుకునే మనిషి, మేనకోడలు అడిగిందని మూడు వారాలు పని మానుకుని కుర్చీలో కదలకుండా కూర్చుంది. ఒకే ఒక్క షరతు పెట్టింది.

"నా కళ్లు ఒకదానికి, నా ముక్కు ఇంకోదానికి పంచిపెట్టి ఊరుకోకు. ఒక్కచోటన్నా నేను నేనుగా ఉండాలి."

"ఉంటావులే అత్తా," అంది మేనకోడలు. తర్వాత పనిలో పడి ఆ మాట శుభ్రంగా మరిచిపోయింది.

బొమ్మలన్నీ అమ్ముడుపోయాక అత్త మూడుసార్లు గుర్తుచేస్తే, ఆ సోమవారం వెతికింది. అదృష్టం బాగుండి దొరికింది. ఏడు భాగాలూ అత్తవే అయిన మొహం పదివేలలో ఒకే ఒక్కటి ఉంది. అయినా దానికి ఆఖరి స్థానమే, ఎందుకంటే అరుదుతనం లెక్కగట్టే యంత్రం మొహం చూడదు, భాగాలు చూస్తుంది. ముందుగా గీసినవి అత్త కళ్లూ ముక్కూ మిగతా భాగాలూ కాబట్టి మేనేజరు వాటిని మామూలు రకం కింద వేసి, ప్రతి నాలుగు మొహాల్లో ఒకదానికి అతికించాడు. ఎంతో కష్టపడి గీసిన ముక్కు అలా చవకైపోయింది. అదే ముక్కుకి పసుపు రంగు పులిమి పది నిమిషాల్లో తేల్చేసిన బంగారు ముక్కు మాత్రం మూడు మొహాలకే ఉంది. ఆ మూడూ మొదటి మూడు స్థానాల్లో కొలువుతీరాయి. మేనకోడలికి ఒళ్లు మండింది గానీ, జీతం ఇచ్చేది ఆ లెక్కే కాబట్టి నోరు మూసుకుంది.

సాయంత్రం ఆ బొమ్మని కాగితం మీద అచ్చు తీసి ఇంటికి తెచ్చింది. అత్త దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూసింది.

"బాగానే ఉన్నాను. ఇది మనదేనా?"

"ఇది ఉత్త కాగితం అత్తా. అసలుది ఎవరో కొనుక్కున్నారు."

"ఎవరు?"

"ఉప్పుచేప అని పేరు పెట్టుకున్నాడు. ముప్ఫై బొమ్మలు కుప్పగా కొన్నాడు."

"నా మొహం ఉప్పుచేప దగ్గరుందా?"

నకలు ఎంతమంది దగ్గరున్నా అసలు ఒక్కరిదేనని ఉద్యోగంలో చేరిన కొత్తలో అత్తకి గంటసేపు నూరిపోసింది తనే. ఇప్పుడు ఆ పాఠమే మెడకు చుట్టుకుంది.

"ఎంత పెట్టాడట?"

"రెండు దారపు ఉండల ధర."

అత్త కాగితాన్ని మిషను మీద బోర్లించింది. "తెచ్చెయ్. ఊరూ పేరూ లేనివాడి దగ్గర నేనెందుకు పడి ఉండాలి?"

ఆ షరతు తప్ప తనకంటూ అత్త ఏదైనా అడగడం మేనకోడలు ఎన్నడూ వినలేదు. మాట మరిచిపోయినందుకు లోపల పీకుతూనే ఉంది. ఎలాగైనా తెచ్చివ్వాలని గట్టిగా అనుకుంది.

మర్నాడు ఆఫీసులో కూర్చోగానే ఉప్పుచేపకి మూడు ఉండల ధర ఇస్తానని కబురు పెట్టింది. పప్పులో కాలేసింది ఇక్కడే. ఎదురుగా తెరిచి ఉన్నది ఆమె సొంత ఖాతా కాదు. ఈ బొమ్మలు గీసింది ఈవిడేనని కంపెనీ ముద్ర వేసిన ఖాతా. అందులోంచి వెళ్లిన బేరం కొనేవాళ్లందరికీ కనిపిస్తుంది.

చేతిలో టీ చల్లారేలోగా గోల మొదలైంది. గీసిన మనిషే అడుక్కి పోయిన బొమ్మని వెనక్కి కొంటోందంటే, అందులో ఏదో మతలబు ఉందన్నమాట. మధ్యాహ్నానికి ఆఖరి ముసలమ్మకి కొత్త కుట్టుమిషను ధర పలికింది. బుధవారానికి సెకండ్ హ్యాండ్ కారు ధర. ఒకాయన బొమ్మని వందరెట్లు పెద్దదిచేసి చూసి, ఎడమ కంటి కింద గీతల్లో రహస్య సంకేతం ఉందని రాశాడు. అవి ముడతలు. ఉప్పుచేప ఇప్పట్లో అమ్మనని ప్రకటించాడు.

గురువారం మేనేజరు తనంతట తానే ఆమె బల్ల దగ్గరకి నడిచొచ్చాడు.

"మీకు నచ్చినవి ఇంకో ఐదు ఉంటాయి కదా, వాటిని కూడా అడగండి."

"నాకేవీ నచ్చలేదండీ."

"నచ్చక్కర్లేదు, అడిగితే చాలు," అని ఒక జాబితా చేతిలో పెట్టాడు. కంపెనీ తన కోసం దాచుకున్న బొమ్మలు అవి.

అడిగింది. వాటి ధరలు లేచాయి. మర్నాడు ఇంకో ఐదు. ఈ ఆట ఎటు పోతుందో ఆమెకి ఆ రెండో రోజే అర్థమైంది. మేనేజరుకి చెప్పలేదు. ఆయన ఐదు అంటే పది అడిగింది, పది అంటే ఇరవై అడిగింది, చాకులాంటి ఉద్యోగి అనిపించుకుంది.

ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఆమె పట్టించుకోలేదు. పొట్టి చేయాల్సిన ప్యాంట్లు లేనివాళ్లు కూడా అత్త దగ్గరకొచ్చి నిలబడుతున్నారు. ఇన్నేళ్లలో ఏనాడూ తలెత్తి చూడని ఎదురింటి రిటైర్డు క్యాషియరు మెట్లెక్కి వచ్చాడు.

"కారు ధర పలికారట, నిజమేనా అండీ?"

"సెకండ్ హ్యాండ్ కారేలెండి," అంది అత్త వినయంగా. ఆ సాయంత్రమే మిషనుని గోడ వైపు నుంచి వీధి వైపుకి తిప్పించుకుంది.

వారం తిరిగేసరికి బజారుకి విషయం బోధపడింది. ఈవిడ కనపడినదల్లా అడుగుతుంది, ఇందులో మతలబు లేదు, మన్నూ లేదు. మేనకోడలి కోరికకి విలువ పోయింది. ధరలన్నీ పేకమేడలా కూలాయి. మేనేజరు తల పట్టుకున్నాడు. ఆఖరి ముసలమ్మ కూడా కారు ధర నుంచి మిషను ధరకీ, అక్కణ్ణుంచి దారపు ఉండల ధరకీ దిగింది. ఉప్పుచేప విసుగెత్తి అమ్మకానికి పెట్టాడు. మేనకోడలు ఈసారి జాగ్రత్తగా సొంత ఖాతాలోంచి కొనేసి, ఎగురుకుంటూ ఇంటికొచ్చింది.

"అత్తా, నువ్వు ఇంటికొచ్చేశావు."

మిషను ఆగలేదు. "ఎంతకి?"

"మూడు ఉండల ధరకి."

ఇప్పుడు ఆగింది. "పోయిన వారం కారు కదా."

"పడిపోయింది."

"ఎవరు పడేశారు?"

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని ఆమెకి తర్వాత అనిపించింది. "నేనే అత్తా. లేకపోతే మనకి దొరకదు."

అత్త చేతిలోని చొక్కాని మడతపెట్టింది. విప్పి మళ్లీ మడతపెట్టింది. "నన్ను తెమ్మన్నాను గానీ, దించి తెమ్మన్నానా?" అంది. గొంతులో కోపం లేదు. మేనకోడలికి సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే అత్త వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మకానికి పెట్టు."

"నిన్ననేగా కొన్నాం."

"పెట్టమన్నాను. ఇంటి ధర పెట్టు."

"ఏ ఇల్లు?"

అత్త చుట్టూ చూసింది. వాళ్లుంటున్నది అద్దె కొంపే. "ఇదే. రెండు గదులూ, వరండా."

పెట్టింది. అప్పట్నుంచి రోజూ టీ తాగుతూ ఒకటే ప్రశ్న.

"ఎవరన్నా వచ్చారా?"

"లేదత్తా."

"అంత స్తోమత ఉండొద్దూ," అనేది అత్త, మిషను మీద కూర్చుంటూ.

రెండు నెలలకి నిజంగానే ఒకడొచ్చాడు. ధర అంత ఉందంటే ఊరికే ఉండదని అనుకున్నాడో ఏమో, సగం ఇస్తానన్నాడు. మేనకోడలు అంకెని రెండుసార్లు చదువుకుని, కంప్యూటరుని ఒళ్లో పెట్టుకుని వీధి గదిలోకి వచ్చింది.

"అత్తా, సగం ఇస్తానంటున్నాడు."

"సగం అంటే?"

"ఒక గది, సగం వరండా. సొంతంగా."

అత్త ఆలోచించింది. ఎక్కువసేపు కాదు, సూదిలోకి దారం ఎక్కించినంతసేపు. "తగ్గేది లేదని చెప్పు."

సగం ఇంటిని వదులుకోవాలంటే మేనకోడలికి ప్రాణం ఉసూరుమంది. ఇంకోసారి ఆలోచించమని అనబోయింది. కానీ అత్త నడుం నిటారుగా పెట్టి వీధిలోకి చూస్తోంది, ఎవరో తనని గీస్తున్నట్టు. ఆ మనిషితో బేరమాడడానికి ఆమెకి నోరు రాలేదు. తగ్గేది లేదని కొట్టి పంపింది.

మధ్యాహ్నం అత్త అడిగింది. "పోయాడా?"

"పోయాడు."

"మళ్లీ వస్తాడంటావా?"

"రాడత్తా."

"పోనీలే," అంది అత్త. అంతలో ఒకాయన ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, రేటు విని, కాస్త చూసుకోమన్నాడు. అత్త ఆయన అడిగినంతా తగ్గించి, రేపు సాయంత్రం రమ్మని చెప్పింది.