తెరకు తీసిన కొలత

కిటికీలోంచి ఎండ వచ్చి కుట్టుమిషను మీద పడింది. పలచగా... వెచ్చగా. కిటికీ ఎంతుంటే అంతే వచ్చింది.

ఆమె మాత్రం పొద్దుటి నుంచి ఒకటే వెబ్ పేజీతో కుస్తీ పడుతోంది.

టైలరమ్మ ఎక్కడంటే ఆ వీధిలో ఎవరైనా చెప్తారు.

చెప్పేవారు.

రోడ్డు మీది కొట్టు పోయింది. ఇప్పుడు వెనక సందులో, మేడ మీద, ఈ గది. కిటికీలోంచి పాత కొట్టు కనిపిస్తుంది — అక్కడి నుంచి ఈ కిటికీ ఎవరి కంటా పడదు. మూసిన షట్టరు మీద ఒక కాగితం అంటించి వచ్చింది. కొత్త చిరునామా ఫోనులో చూసుకోండని. ఆ చూసుకోవాల్సిన పేజీ ఇదే.

ల్యాప్‌టాప్‌లో దివ్యంగా ఉంది.

ఫోనులో తెరిస్తే... "వెనక సందు, పాల డిపో ప" — అంతే. అక్కడికి తెగిపోయింది. పక్కనా? పైనా? పడమరా? ఫోన్ నంబరూ ఆ తెగిన ముక్కలోనే ఉంది.

దీని దుంప తెగ!

ఈ పేజీల పని నేర్పుతున్న చెల్లెలికి ఫోన్ చేసి, రాసింది చదివితే పకపకా నవ్వింది. "వెడల్పుకి అంగుళాలేంటక్కా? టేపు పెట్టి కొలిచావా ఏంటి?"

కొలిచింది. నిజంగానే కొలిచింది. మెడలోని టేపు తీసి, ల్యాప్‌టాప్ తెరను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కొలిచి, అంగుళాల్లోనే రాసింది. ఆ పాడు పేజీ కిక్కురుమనకుండా ఒప్పుకుంది కూడా!

"అంకె తీసెయ్. నూటికి నూరు శాతం అని రాయి. తెర ఎంతుంటే అంతకి అదే సర్దుకుంటుంది."

ఒళ్ళు మండింది. కొలత తప్పితే జాకెట్టు ఒంటికి పట్టదు. ఇక్కడ కొలత పెట్టినందుకే పట్టడం లేదు. ఇదెక్కడి చోద్యం!

రాసింది. వరుస చివర పెట్టాల్సిన సెమికోలన్ మరిచింది. వెడల్పు మారలేదు సరికదా, కింది వరుసలో రాసిన రంగు కూడా పోయింది.

సెమికోలన్ పెట్టింది. పేజీలోని బయటి పెట్టె సర్దుకుంది. లోపలి పెట్టె కదల్లేదు — దానికీ అంగుళాలే. ఫొటోకీ అంగుళాలే. తప్పు కుట్టు విప్పినట్టు ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది. ఏడుపొచ్చింది.

తల తిప్పి కిటికీలోంచి చూసింది.

పాత షట్టరు ముందు టీచరమ్మ. చంకలో గుడ్డల సంచి. ఇన్నేళ్ళుగా ఇంకొకరి చేత కుట్టించుకోని మనిషి. ఫోను నిలువుగా పట్టుకుంది. అడ్డంగా తిప్పింది... ఆనక తలే పక్కకు వంచింది.

"టీచరమ్మా! ఇక్కడ, పైన!"

లారీ హారన్ ఆ కేకను మింగేసింది.

దిగి పరిగెత్తితే ఈవిడ ఒక్కతే దొరుకుతుంది. రేపు వచ్చేవాళ్ళో?

ఆఖరి అంకె చెరిపింది. నూటికి నూరు. సెమికోలన్. సేవ్. తన ఫోనులో తెరిచింది — "పాల డిపో పైన", ఆ కింద నంబరు.

మళ్ళీ తెరువు తల్లీ... ఇంకొక్కసారి తెరువు.

కింద టీచరమ్మ సంచి మరో చంకలోకి మార్చుకుంది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. తల ఎత్తలేదు.

గదిలో ఎండ మిషను మీంచి జరిగి టైలరమ్మ చేతిలోని ఫోను మీద పడింది.

ఫోను ఎంతుంటే అంతే.