పగలాలని పెట్టిన అద్దం

నేను ఒక అద్దం ముక్కను. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. పుట్టినప్పటి నుంచీ నా గురించి మనుషులు అన్న మాట ఒక్కటే, జాగ్రత్త, పగులుతుంది అని. ఆదిలాబాద్‌లో పన్నెండేళ్లు ఎవరిదో పెళ్లి ఫొటోకు కాపలా కాశాను. ఫ్రేము కిందపడి ఒక మూల విరగ్గానే నన్ను బయట పారేశారు. అన్నేళ్ల చాకిరీకి దక్కిన మర్యాద అది. పోశెట్టి మేస్త్రి నన్ను ఏరుకుని, పట్టీలుగా కోసి సంచిలో వేసుకున్నాడు. అతను నాకిచ్చిన పని ఏమిటో తెలుసా? పగలడం!

నర్సుబాయి ఇంటికి కూతురు సవిత పురుటికి వచ్చింది. పిల్ల పుట్టి పన్నెండు రోజులు. బయట ఇగం పెట్టే చలి. నర్సుబాయి వెనకగది కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కింది, గడప దగ్గర గోనెసంచి పరిచింది, బాలింత చెవుల్లో దూది పెట్టింది. అయినా పిల్లకు నీళ్లు పోసి సాంబ్రాణి వేస్తే, పొగ నిటారుగా లేవకుండా పక్కకు వాలిపోయేది. మూడు రోజులు ఆవిడ కిటికీనే తిట్టింది. చివరికి సాంబ్రాణి పట్టుకుని గదంతా తిరిగితే, మంచం వెనక క్యాలెండరు దగ్గర పొగ చెదిరింది. క్యాలెండరు తీస్తే, కిటికీ మూల నుంచి కప్పు దాకా ఏటవాలుగా పగులు.

పోశెట్టి వచ్చి వేలు పెట్టి చూశాడు. అక్కడిది నల్లరేగడి నేల. వానలకు ఉబ్బుతుంది, చలికాలం ఎండి కుంచించుకుపోతుంది. గోడ కదలడం ఆగిందా, ఇంకా కదులుతోందా అన్నది తేలాలి. ఆగితే సిమెంటు పూస్తే చాలు, కదులుతుంటే గోడ దింపాల్సిందే. నన్ను పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలా సిమెంటు అంటించి, తడి ఆరకముందే మేకుతో తారీఖు గీశాడు. పదిహేను రోజులకు వస్తాను, దీన్ని ముట్టొద్దు అన్నాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. పైగా ఇంకో పట్టీని గూట్లో మరిచిపోయి వెళ్లాడు.

ఇక నాకు నిమిషం స్థిమితం ఉంటే ఒట్టు. అటు కొసా ఇటు కొసా గోడ లాగుతోంది. కింద తల్లీపిల్లా. వాళ్లకు ఏమవుతుందోనని ఒకటే గుబులు. పదకొండో రోజు తెల్లారుతుండగా టప్‌మని రెండయ్యాను. హమ్మయ్య, చెప్పాల్సింది చెప్పేశాను అనుకున్నాను.

నర్సుబాయి చూసి అపశకునమని బెదిరింది. సవిత లేవకముందే నన్ను సిమెంటుతో సహా పెళ్లగించి, గూట్లోని పట్టీని గోధుమపిండి జిగురుతో అతికించింది. నన్ను పేపర్లో చుట్టి పెంట మీద పడేసింది. ఆ నాలుగు రోజులు నేను పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. మేస్త్రి వస్తాడు, సాఫుగా ఉన్న అద్దం చూస్తాడు, గోడకేం కాలేదని వెళ్లిపోతాడు. ఆ గోడ పక్కనే పిల్ల నిద్రపోతుంది. అరుద్దామంటే నాకు నోరేది?

పోశెట్టి వచ్చాడు. కొత్త పట్టీ అంచుల్ని వేలితో తడిమాడు.

"అక్కా, నేను రాసిన తారీఖు ఏది?"

"పలిగిందయ్యా. పసిపిల్ల ఉన్న ఇంట్ల పలిగిన అద్దం ఎట్ల ఉంచుత?"

"పలుగుతదా లేదా సూద్దామనే వెట్టిన అక్కా."

ఆవిడ పెంట దగ్గరికి పరుగెత్తింది. ఉత్త చేతులతో కెలికింది, వేలు తెగినా చూసుకోలేదు. పోశెట్టి నా రెండు ముక్కల్నీ గోడ మీది పాత గుంటల్లో ఆనించాడు. మధ్యలో బియ్యపుగింజ పట్టేంత సందు. నర్సుబాయి పిల్లను ఎత్తుకుని ముందుగదిలోకి నడిచింది, వెనకే సవిత.

మర్నాడు గోడ దింపేటప్పుడు గడ్డపార తగలకముందే పై ఇటుకలు రాలాయి. సరిగ్గా మంచం ఉన్న చోట.

కొత్త గోడ లేచాక, ముందుగది గోడ మీది సన్నటి పగులును కూడా చూడమని ఆవిడే అడిగింది. పోశెట్టి సంచిలోంచి మంచి పట్టీ తీయబోతే వద్దని, నా పెద్ద ముక్కను చేతికిచ్చింది.

"గిదే వెట్టు. గిది నిజం జెప్పింది."

చలి ఇంకా తగ్గలేదు, నేనూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. పగిలిన అద్దం పొద్దున్నే కంటపడితే అరిష్టమని నర్సుబాయి పుట్టినప్పటి నుంచీ నమ్మింది. ఇప్పుడు లేవగానే, పిల్ల కంటే ముందు నన్నే చూస్తుంది.