మూడు రోజుల జ్వరం

ఆదివారం ఉదయం ఉతికిన బట్టలు మడత పెడుతుంటే మా ఆఫీసు పీఏ ఫోన్ చేశాడు. "మేడమ్, మన కొత్త ఇంజనీరమ్మాయి ఆస్పత్రిలో ఉంది. నిన్న వాటర్ ట్యాంకు తనిఖీకి ఎక్కి దిగుతుంటే నొప్పులొచ్చాయట. ఐదో నెల. బిడ్డ దక్కలేదు."

చేతిలో మా ఆయన చొక్కా ఉంది. దాన్ని మడత పెట్టడం పూర్తి చేశాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు, ఏ వార్త విన్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

ఆ అమ్మాయి అర్జీ మూడు వారాల కిందట నా బల్ల మీదికి వచ్చింది. డాక్టరు మెట్లెక్కొద్దన్నారు, కాన్పయ్యేదాకా ఆఫీసులో కూర్చునే పని ఇవ్వమని అడిగింది. ఒక్క సంతకం చాలు. నేను దాని మీద "మాట్లాడండి" అని రాసి పంపాను. మా ఆఫీసుల్లో ఆ మాట సంగతి అందరికీ తెలుసు. అవుననీ కాదు, కాదనీ కాదు. అడిగినవాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడి మళ్ళీ అడుక్కోవాలి. అప్పటిదాకా కాగితం కదలదు. మగవాళ్ళయితే మర్నాడే వచ్చి నాలుగు కబుర్లు చెప్పి పని చేయించుకుపోతారు. ఆ అమ్మాయి రాలేదు. నేనూ పిలవలేదు.

ఎందుకలా రాశానో నాకు తెలుసు. నీళ్ళ శాఖకి మొదటి ఆడ ఛీఫ్ ఇంజనీరుని నేను. కుర్చీలో కూర్చున్న వారానికే వరండాలో ఒక మాట చెవిన పడింది. "ఇంకేం, ఇక ఆడవాళ్ళందరికీ పండగే." ఆ మాట నిజం కాకూడదని ఆడవాళ్ళ అర్జీలు మాత్రం రెండేసి సార్లు చదివేదాన్ని. ఇంత చేసినా మా అత్తగారి లెక్కలో నేనిప్పటికీ "నీళ్ళాఫీసులో ఏదో చేస్తుంది" అంతే.

బయల్దేరుతుంటే మా ఆయన పేపరు దించాడు. "ఎవరికో కడుపు పోతే నువ్వెళ్ళి చేసేదేముంది? ఫోన్లో పలకరిస్తే సరిపోదూ? ఇంతకీ వంట సంగతేంటి?"

చెప్పులేసుకుని బయటికి నడిచాను.

ఆస్పత్రిలో ఆ అమ్మాయి నన్ను చూసి లేవబోయింది. ఆ ఒంటితో కూడా ఆఫీసరుకి లేచి నిలబడాలనుకుంది. భుజం పట్టి పడుకోబెట్టాను. "నా దగ్గరికి ఎందుకు రాలేదమ్మా?" అన్నాను. అడిగాక సిగ్గేసింది.

"ఎలా వస్తాను మేడమ్? మీరు ఏడో నెలలో కూడా ట్యాంకెక్కారని చేరిన రోజే ఆఫీసులో చెప్పారు. ఆవిడ ఎక్కలేదా, నీకొక్కదానికే వచ్చిందా కడుపు, అన్నారు మా సారు. ఇంట్లో మా ఆయనా అదే మాట."

ఎక్కిన మాట నిజమే. శాఖలో ఆ కథ తెలియనివాళ్ళు లేరు. ఎవరు ఎత్తినా చిన్నగా నవ్వి ఊరుకునేదాన్ని. దాచడమెందుకు, గర్వంగానే ఉండేది. వెంటనే వేరే ఊరికి బదిలీ కావడంతో తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయే ఆ బిడ్డనుకుంటారు. "సెలవుకి జ్వరమని రాసెయ్, లేకపోతే ఆఫీసులో అలుసైపోతావ్," అన్నాడు మా ఆయన ఆ రోజు. "ఇంటిపట్టున ఉంటే ఇలా అయ్యేదా? బయట చెప్పుకోకు, నవ్విపోతారు," అంది అత్తగారు. సెలవు చీటీలో మూడు రోజుల జ్వరం రాశాను. నాలుగో రోజు ఇంకా తగ్గని పొట్ట మీద, పాలకి తడిసిన జాకెట్టు మీద కొంగు నిండుగా కప్పుకుని తనిఖీకి వెళ్ళాను. ఆ రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఇన్నేళ్ళూ నోరు దాటని మాట ఆ మంచం పక్కన చెప్పాను. "ఎక్కాను తల్లీ. ఆ సాయంత్రమే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. పుట్టాక ఏడవలేదు."

ఆ అమ్మాయి కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడినా బాగుండేది. గొంతు కూడా పెంచకుండా అంది:

"ఇది ఒక్కసారి ఎవరికైనా చెప్పి ఉంటే, నేను ఎక్కేదాన్ని కాదు మేడమ్."