వేటకెళ్తున్నావా?

ఏప్రిల్ నడుమ నుంచి రెండు నెలలు సముద్రంలో వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం. చేపల కాపురం సరే, చేపలు పట్టేవాడి కాపురం ఎవరు చూస్తారు? అందుకే రాములు ఏటా ఆ రెండు నెలలూ బందరు అవతలున్న తన పల్లె వదిలి నూజివీడు వస్తాడు. సుప్రజమ్మగారి మామిడితోటకు కాపలా ఉంటాడు, కాయలు కోస్తాడు, కోత కర్రలకు చిక్కాలు అల్లుతాడు. వల అల్లే చేతికి చిక్కం ఏపాటి పని!

ఈ మే నెలలో ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి మార్టిన్ ఫోను చేశాడు. పల్లెలో మత్స్యకారుల సంఘానికి అతను కార్యదర్శి, రాములుకు వరసకు బావ.

"బావా, కొంప మునిగింది. వచ్చే వారం వస్తానన్న ఆఫీసరు ఇవాళే దిగాడు. పదింటికి ఒడ్డున పేర్లు పిలుస్తాడంట. లిస్టులో లేనోడికి మన నీళ్ళలో వల వేసే హక్కు లేదంట."

'మన నీళ్ళు' అనే మాట ఊరికే రాలేదు. ఒడ్డు దగ్గరికి పెద్ద మరబోట్లు రాకూడదనీ, అక్కడి వేట పల్లెవాళ్ళకే వాటాలుగా పంచాలనీ ఆరేళ్ళు అర్జీలు పెట్టారు, ధర్నాలు చేశారు. ప్రతిసారీ ఎండలో ముందు వరసలో కూర్చున్నవాడు రాములు. తీరా సర్కారు ఒప్పుకుని విస్తళ్ళు వేసే వేళకు బంతిలో లేడు.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, గుడివాడ మీదుగా బందరు చేరి, ఆటో ఎక్కేసరికి మధ్యాహ్నం దాటుతుంది. తోట చుట్టూ ఉన్న కంచె ఆ పూట తన కోసమే వేసినట్టు రాములుకు అనిపించింది.

"ఏడవకు. వీడియోలో చూపిస్తానని ఆఫీసర్ని ఒప్పించా," అన్నాడు మార్టిన్.

తోటలో సిగ్నల్ అందేది మోటారు షెడ్డు దగ్గరే. సుప్రజమ్మ కోత ఆపించి మరీ తన ఫోను పట్టుకుని నిలబడింది. పదిన్నరకు తెరమీద ఆఫీసరు ముఖం కనిపించింది.

"నీ వలేదయ్యా?"

"ఇంటికాడ ఉందండి." ఏదో ఒకటి చూపించాలన్న ఆత్రంలో రాములు కోత కర్ర పైకెత్తాడు. "ఇదీ నేనల్లిందేనండి."

"అది కాయలు కోసే చిక్కం కదా!" ఒడ్డున ఎవరో నవ్వారు.

రాముల్ని గట్టెక్కిద్దామని సుప్రజమ్మ ముందుకొచ్చింది. "చాలా నమ్మకస్తుడండీ. ఐదేళ్ళ నుంచీ మా తోట మనిషే." పాపం, మంచి మనసుతోనే అంది.

ఆఫీసరు బొమలు ముడిచాడు. "ఒక్కటే చెప్పు. వేటకెళ్తున్నావా?"

బంద్ రోజుల్లో సర్కారు మనిషి ఈ ప్రశ్న అడిగితే, వెళ్ళినవాడైనా వెళ్ళనివాడైనా పల్లెలో చెప్పే జవాబు ఒకటే. అది ఉగ్గుపాలతో పట్టించిన జవాబు. రాములు నోరు అతని మనసును అడగలేదు.

"లేదండి బాబూ! ఒట్టండి, వెళ్ళటం లేదు!"

"వేటకు వెళ్ళడు," అంటూ ఆఫీసరు పేరు కొట్టేశాడు.

రాములు ఫోను మీదికి వంగాడు. "అయ్యో, బంద్ కదండీ! బంద్‌లో ఎట్టా వెళ్తానండీ?" అవునంటే నేరస్థుడు, కాదంటే జాలరి కాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"అభ్యంతరం ఉంటే మళ్ళీ లిస్టు రాసేటప్పుడు ఒడ్డున ఉండు."

"మళ్ళీ ఎప్పుడండీ?"

"వచ్చే మే."

మార్టిన్ బతిమాలుతున్నాడు. ఆఫీసరు వినకుండా తర్వాతి పేరు పిలిచాడు. ఫోను కట్టేయాలని ఎవరికీ తోచలేదు. రాములుతో ఒకే పడవ ఎక్కే ఇన్నయ్య ముందుకొచ్చాడు.

"వేటకెళ్తున్నావా?"

"లేదండి."

"ఊఁ, బుద్ధిమంతుడివి. బంద్ పాటిస్తున్నావు." ఆఫీసరు టిక్కు పెట్టాడు.

రాములు సుప్రజమ్మ వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"నేనూ అదే చెప్పాను కదమ్మగారూ," అన్నాడు.