బుడే చేయించిన స్పానిష్ పలకరింపు

“మి ముహేర్ మె దెహో,” అన్నాడు రమోన్, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

“దేహమా? ఎవరి దేహం?” అంటూ కుర్చీలోంచి లేచాడు జయరావు. గుంటూరు మిర్చి యార్డులో ఆయనది కమిషన్ కొట్టు. మంచి రంగున్న కాయ కొనడానికి స్పెయిన్ నుంచి వచ్చిన మనిషి రమోన్. కాయ కోసం వచ్చినవాడు కాయం సంగతి ఎత్తాడేమిటని అందరూ బుడే వైపు తిరిగారు.

కొట్లో శాంపిల్ కాయ చూపే బుడేకి కాస్త స్పానిష్ వచ్చు. భార్య ఖుర్షిదా పోయాక ఇంట్లో పలికే దిక్కు లేక ఫోన్లో నేర్చుకున్నాడు. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా ఫోను బదులు పలికేది. రమోన్ వచ్చినప్పటినుంచీ దానితో పని పడలేదు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారియర్, ఒకటే కబుర్లు.

ఇంగ్లీషువాడు లీవ్ అనే ఒక్క ముక్కతో సంసారమంతా ఈదేస్తాడు. స్పానిష్‌లో మాత్రం అది వేరుపడ్డ ఉమ్మడి కుటుంబం, ఎవరి వాటా వారిదే. బస్సు బయల్దేరితే సాలిర్. మనిషి లేచి వెళ్ళిపోతే ఇర్సె. గిన్నెలో కూర మిగిలితే కెదార్. గొడుగు వదిలేసినా, మొగుణ్ణి వదిలేసినా దెహార్. బుడే ఇంట్లో రోజూ కూర మిగిలేది గనక కెదార్ చప్పున వంటబట్టింది. దెహార్ దగ్గర మాత్రం ఖుర్షిదా గుర్తొచ్చి ఆగిపోయేవాడు.

“వాళ్ళావిడ పోయిందటండీ,” అన్నాడిప్పుడు గొంతు తగ్గించి.

“అయ్యో! కడుపులో అంత దుఃఖం పెట్టుకుని కాయ రంగు చూస్తున్నాడా తండ్రి!” అంది తొడిమలు తీసే ఆడవాళ్ళ మేస్త్రి మల్లేశ్వరి. “పదండి, పలకరించి వద్దాం.”

సాయంత్రం రమోన్ దిగిన లాడ్జి గది నిండిపోయింది. మల్లేశ్వరి రమోన్ చెయ్యి పట్టుకుని కళ్ళొత్తుకుంది. కాసేపటికి ఒక్కొక్కరే లేచి, చెప్పకుండా, వెనక్కి చూడకుండా నడిచారు. చావు పలకరింపుకెళ్ళి ‘వస్తాం’ అనకూడదు. హిందువులైనా సాయిబులైనా ఇటు అదే పద్ధతి. ఖుర్షిదా పోయినప్పుడు బుడే ఇంటినుంచీ అలాగే వెళ్ళారు. వస్తామనలేదు, రాలేదు. అన్న మాట మీద నిలబడేవాళ్ళు ఎందరో గానీ, అనని మాట మీద అందరూ నిలబడ్డారు.

మర్నాడు పొద్దున బుడే లాడ్జికి వెళ్ళేసరికి రమోన్ పెట్టె సర్దుతున్నాడు.

“నా బేరం నచ్చలేదని మొహాన చెప్పొచ్చుగా?” అన్నాడు స్పానిష్‌లో. “అంతమంది వచ్చి మూగనోము పట్టి, చెప్పకుండా పోతారా?”

బుడే అడ్డుపడ్డాడు. “కోపం కాదు. మీ ఆవిడ చనిపోయిందని…”

“చనిపోవడమేమిటి? పళ్ళ డాక్టరుతో కాపురం పెట్టింది! మె దెహో, నన్ను వదిలేసింది. చనిపోయినవాళ్ళ గురించైతే నోస్ దెహో అంటాం, మమ్మల్ని వదిలి వెళ్ళారని.”

బుడే ఆయన్ని కొట్టుకి లాక్కొచ్చి, అందరి ముందూ తన పొరపాటు ఒప్పేసుకున్నాడు.

“బతికే ఉందా?” మల్లేశ్వరి నడుం మీద చేతులు పెట్టుకుంది. “నా ఏడుపంతా వృథా చేశావు గదయ్యా బుడే అన్నా!”

“నన్నుకీ మమ్మల్నికీ తేడా తెలీదుటయ్యా?” అన్నాడు జయరావు, నవ్వాపుకోలేక.

“వదిలి వెళ్ళిందనగానే నాకు మా ఆవిడే కళ్ళముందు మెదిలిందండీ. బతికుండి కూడా వదిలేస్తారని తట్టలేదు.”

మల్లేశ్వరి నడుం మీంచి చేతులు తీసేసింది. రమోన్‌కి ఏమీ అర్థం కాలేదు. చెప్పకుండా వెళ్ళడం ఇక్కడ మర్యాదని, తన ఇంటినుంచీ అలాగే వెళ్ళారని బుడే స్పానిష్‌లో విడమరిచాడు. చెబుతూ ‘నోస్ దెహో’ అన్నాడు ఖుర్షిదా గురించి.

రమోన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “మమ్మల్ని అంటే? ఇంట్లో ఎంతమంది?”

“నేనొక్కణ్ణే,” అన్నాడు బుడే. “ఏమడిగాడాయన?” అని జయరావు అంటే, ‘నేనొక్కణ్ణే’ అనే తెలుగులో కూడా చెప్పాడు.