డ్యూటీ దిగిన మేస్త్రీ

మగ్గాల మేస్త్రీ రిటైరైన రోజున మిల్లువాళ్ళు ఒక ఉపన్యాసకుణ్ణి పిలిపించారు. మెత్తటి గొంతు, మెత్తటి చెప్పులు. "ఇక మీకోసం మీరు బతకండి. కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించండి. ప్రశాంతత మీలోనే ఉంది" అన్నాడు. మేస్త్రీ ఊపిరితిత్తుల్లో ఉన్నది దూది. ఆ సంగతి ఆ పెద్దమనిషికి ఎవరూ చెప్పలేదు. పిండుకున్నవాడే పిప్పికి శాంతిపాఠం చెప్పిస్తాడు. వాళ్ళ పద్ధతే అంత.

మేస్త్రీకి శాంతి అక్కర్లేదు. ఇంట్లో ఒక చోటు కావాలి. వంటింట్లో కూర్చుంటే భార్య చేతికి అడ్డం, గుమ్మంలో కూర్చుంటే చీపురుకు అడ్డం. పోనీ పనికొద్దామని డబ్బాలన్నీ సర్దాడు.

"ఉప్పు డబ్బా ఏదండీ?"

"చేతికందేచోటే పెట్టాను! పని తెలిసినవాడు సర్దితే అట్లాగే ఉంటుంది!"

"మీ చేతికా, నా చేతికా? అరవకండి, ఇక్కడ మగ్గాలేం ఆడటం లేదు."

"అరిచానా?"

"పక్కింటివాళ్ళు కూడా ఉప్పు వెతుక్కుంటున్నారు."

మగ్గాల షెడ్డులో ఎవరూ చెవిని నమ్ముకోరు. ఆ హోరులో ఎదుటివాడి పెదాలు చూసే మాట పట్టుకోవాలి. షెడ్డు ఆ చివర నేతగాడు తిడితే ఈ చివర మేస్త్రీ అందుకుని వడ్డీతో సహా తిప్పికొట్టేవాడు.

ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడ్డాడు. రోడ్డుకవతల కుట్టుమిషను ఆవిడ కొట్టు. అద్దం వెనక తన భార్య. కుట్టుమిషను ఆవిడ ఏదో అడిగింది. భార్య పెదాలు కదిలాయి.

"ఆయన డ్యూటీకి వెళ్ళినన్నాళ్ళూ ఆ ఇల్లు నాది చెల్లీ. ఇప్పుడు కాసేపు ఊరికే కూర్చుందామన్నా నాకు చోటు లేదు."

ఆయన చూపు తిప్పుకోవచ్చు. అలవాటు, తిప్పుకోలేకపోయాడు.

"చెడ్డవాడైనా బాగుండు. నాలుగు తిట్టి ఊరుకుందును."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ డ్యూటీ చొక్కా వేసుకున్నాడు.

"కొత్తవాళ్ళకు పని నేర్పాలట. సాయంత్రం దాకా రాను."

"ఏ షెడ్డులో?"

"మన షెడ్డే."

ఆ షెడ్డు మగ్గాల్ని మిల్లువాళ్ళు తుక్కుకింద అమ్మేశారు. లారీలు వీళ్ళ వీధిలోంచే పోయాయి. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది కూడా. అయినా క్యారేజీ సర్ది చేతికిచ్చింది.

ఆయన బస్టాండులో బెంచీమీద కూర్చున్నాడు. ఉపన్యాసకుడు చెప్పినట్టు కళ్ళు మూసుకున్నాడు. దగ్గు తెర వచ్చింది. పక్కనున్నవాడు లేచి దూరంగా జరిగాడు. ఒళ్ళో క్యారేజీ చల్లారింది. ఏ బస్సూ ఆయనది కాదు. జీవితమంతా గుడ్డ నేయించిన మనిషికి లోకంలో మిగిలింది బెంచీలో ఓ మూల. అక్కడా నాలుగైదుసార్లు "ఎక్కడికెళ్ళాలి పెద్దాయనా?" అని అడిగారు.

సాయంత్రం ఇంటికొచ్చాడు. ఇల్లు నెమ్మదిగా ఉంది. భార్య మొహం తేటగా ఉంది.

"పని బాగుందా?"

"బాగానే ఉంది. మొద్దు వెధవలు, ఇంకా చాలా నేర్పాలి."

"అయితే రేపు కూడా వెళ్తారా?"

ఎన్నాళ్ళకో ఆమె గొంతులో మెత్తదనం. అదే ఆయన్ని నలిపేసింది.

"వెళ్ళాలిగా."

"వాన పడేట్టుంది."

"పడితే పడనీ. షెడ్డులోనేగా ఉండేది."

ఆమె లోపలికెళ్ళి గొడుగు తెచ్చి, ఆయన చెప్పుల పక్కన పెట్టింది.