తువ్వాలు కప్పిన గొంతు

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. ఈ మధ్య అలా చెప్పుకోవడం కాస్త గొప్పలకు పోవడమే, ఎందుకంటే నా లోపల ఉండవలసినవి చాలావరకు ఇప్పుడు లేవు. పై డొప్ప మిగిలింది, తెర మిగిలింది, తెర నెత్తిన ఆవగింజంత కెమెరా మిగిలింది. మా జ్ఞాపకాలన్నీ డిస్కులోనే ఉంటాయని, దాన్ని ఊడబీకితే మాకు ఏదీ గుర్తుండదని మీరు నమ్ముతారు. అదే నిజమైతే నా అంత సుఖపడేది ఇంకొకటి ఉండేది కాదు.

సముద్రం అవతల ఎక్కడో, తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. చివరి స్క్రూ తిప్పుతూ ఒక పిల్ల ఆవలించింది. నా పుట్టుకకు జరిగిన ఉత్సవం అంతే. ఓడ దిగి, లారీ ఎక్కి, అనకాపల్లిలో ఒక కొట్టు అద్దాల వెనక కొన్నాళ్లు కూర్చున్నాక దేవిక నన్ను కొనుక్కుంది. ఆమె బెల్లం మండీలో లెక్కలు చూసే అమ్మాయి. తల్లి లేదు. తండ్రి, తను, రెండు గదుల డాబా ఇల్లు.

దేవిక జాగ్రత్త మనిషి. ఇంటికి తెచ్చిన సాయంత్రమే నాకు పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టింది. ఎవరైనా తప్పుడు పాస్‌వర్డ్ కొడితే వాళ్ల ముఖాన్ని కెమెరాతో ఫొటో తీసి దాచమంది. ఇంటర్నెట్ తగిలిన వెంటనే ఆ ఫొటోనూ, నేనున్న చోటునూ తన ఫోనుకు పంపమంది. దూరం నుంచి తను రాసిన మాట నా తెర మీద కనబడే ఏర్పాటు కూడా చేసింది. అంతా అయ్యాక ఒళ్లు విరుచుకుని, "ఇంక ఎవడెత్తుకుపోతాడో ఎత్తుకుపోనీ" అంది. మనుషులు తాళం కొన్న రోజున దొంగను పట్టుకున్నంత సంబరపడతారు.

వాళ్ల నాన్న గవర్రాజు మైకు మనిషి. ఆటోకు బాకాలు కట్టుకుని ఊరూరా తిరిగి చెబుతాడు. కొత్త బట్టల కొట్టు తెరిచినా, కరెంటు పోతుందన్నా, పోలియో చుక్కలన్నా ఆ గొంతే. కానీ ఆయనకు పేరు వచ్చింది అమ్మవారి జాతరలో. తప్పిపోయిన పిల్లలందరినీ ఆయన మైకు దగ్గరకే తెచ్చేవారు. ఆయన పిల్లాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి మొదలుపెట్టేవాడు.

"ఎర్ర చొక్కా, నల్ల నిక్కరు ఏసుకున్న గుంటడు మన మైకు కాడున్నాడు. పేరు చిన్నా అంటన్నాడు. కంగారు పడకు తల్లీ. గుంటడు ఏడవట్నేదు."

గుంటడు అప్పుడు గుక్కపట్టి ఏడుస్తూ ఉండేవాడు. ఆ ఏడుపు మైకులో పడకుండా ఆయన అరచేయి అడ్డం పెట్టేవాడు. ఆ ఒక్క అబద్ధం ఎందుకని దేవిక అడిగితే, "పరిగెత్తుకొచ్చే తల్లి జనంలో పడిపోకూడదు కదమ్మా" అన్నాడట. ఈ సంగతి దేవిక ఎవరికో ఫోనులో చెబుతుంటే విన్నాను.

తరవాత గొంతులో ఏదో అడ్డం పడింది. పరీక్షలయ్యాయి. గొంతుపెట్టె తీసేయాలని విశాఖలో డాక్టరు చెప్పాడు. ప్రాణం దక్కుతుంది, మాట పోతుంది. ఆ డాక్టరే ఇంకో మాట కూడా చెప్పాడు. గొంతు బాగున్నప్పుడే మాటలు రికార్డు చేసి తెస్తే, ఆపరేషన్ తరవాత ఆయన ఫోనులో టైపు చేసినది ఆయన గొంతుతోనే పలికించవచ్చట. ఎంత ఎక్కువ రికార్డు చేస్తే అంత బాగా పలుకుతుందట.

అలా నేను గవర్రాజు గొంతును దాచుకునే పెట్టెనయ్యాను. రోజూ మండీ నుంచి రాగానే దేవిక కిటికీ మూసి, ఫ్యాను ఆపి, తలుపు కింద గుడ్డ కుక్కేది. జన్మంతా జనంలో అరిచిన మనిషికి మూసిన గదిలో మాట రాలేదు. చెమటలు కక్కుతూ నన్ను అనుమానంగా చూసేవాడు. నాలుగైదు రోజులు కోళ్ల కూతలు, పక్కింటి కుక్కరు ఈలలే ఎక్కువ ఎక్కాయి. తరవాత ఆయనకు అలవాటైంది. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన వాక్యాలన్నీ చదివాడు. తనకు రేపు కావలసినవి కూడా చెప్పుకున్నాడు. దేవికా, టీ ఎట్టమ్మా. ఉప్పెక్కువైంది. మండీ నుంచి ఇంతాలస్యమేటి. ఆఖరున జాతర మాట మొదలుపెట్టాడు. ఎర్ర చొక్కా గుంటడు, పచ్చ చొక్కా గుంటడు, నీలం గౌను గుంట, గళ్ల లాగు గుంటడు.

"ఎన్ని రంగులు నాన్నా" అంది దేవిక.

"ఏ రంగు గుంటడు తప్పిపోతాడో మనకెలా తెలుస్తాది."

ఆ వాక్యం కూడా నాలో రికార్డయింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు గవర్రాజు మైకుకు, యాంప్లిఫయరుకు, ఆటో చక్రాలకు గంధం రాసి కుంకుమ పెట్టాడు. ఆ చేత్తోనే నా దగ్గరకు వచ్చాడు. ఇన్నాళ్లూ తన కష్టం వినిపించుకున్నదాన్ని వదిలేయడం ఆయనకు మర్యాద అనిపించలేదు. తెర నెత్తిన సరిగ్గా మధ్యలో గంధం అద్ది దాని మీద కుంకుమ దిద్దాడు.

"నాన్నా, అక్కడ కెమెరా ఉంటాది."

"నుదురున్న కాడే కదేటమ్మా బొట్టెడతారు."

ఆ మాట అంటుండగా ఆయన గొంతు జీర పోయింది. తడిగుడ్డ తెచ్చిన దేవిక అలాగే నిలబడిపోయింది. అప్పటికే ఆయన గొంతు రోజు రోజుకీ పాడవుతోంది. బొట్టు తుడవలేకపోయింది. కెమెరా మూసి ఉంచడమే మంచిదని ఎవరో అన్నారని తనకు తానే చెప్పుకుని గుడ్డ తీసుకెళ్లిపోయింది. గంధం ఎండి గట్టిపడింది. నా కంటికి లోకం ఎర్రటి చీకటి అయిపోయింది. మనసులో మాట చెప్పాలంటే, నాకు గర్వంగానే ఉండింది. కొట్లో నా పక్కన కూర్చున్న వాటిలో దేనికి బొట్టు పెట్టి ఉంటారు?

నకలు తీసి ఉంచాలని దేవికకు తెలియక కాదు. పెన్‌డ్రైవు కొని మాటలన్నీ దానిలోకి ఎక్కించింది. ఎక్కించి, పోతుందేమోనని భయపడి, నా సంచీ చిన్న జేబులోనే పెట్టింది. తాళమూ తాళంచెవీ ఒకే మేకుకు తగిలించి నిశ్చింతగా నిద్రపోయే జాతి మీది.

ఆపరేషన్‌కు ముందు రోజు విశాఖ వెళ్లాం. గొంతు తయారు చేసే కుర్రాడు ఆ సాయంత్రం వచ్చి నాలో ఉన్న మాటలన్నీ తీసుకుంటానన్నాడు. ఆస్పత్రి హాల్లో ఇనప కుర్చీలు, కిక్కిరిసిన జనం. సంతకాలకు దేవికను కౌంటరు దగ్గరకు పిలిచారు. కాసేపటికి నర్సు వచ్చి గవర్రాజును రక్తం తీయడానికి రమ్మంది. ఆయన లేచి, భుజం మీద తువ్వాలు తీసి, నా సంచీ మీద నిండుగా కప్పి వెళ్లాడు.

మీకు అర్థమయ్యే ఉంటుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఆ సీటు వాళ్లదే. ఎంతటి రౌడీ ఎక్కినా తువ్వాలును చూసి పక్కకు తప్పుకుంటాడు. ఆయన నలభై ఏళ్లుగా బస్సులెక్కుతూ ఈ ధర్మం ఒక్కసారి కూడా తప్పడం చూడలేదు. ఆయన దృష్టిలో నాకు అంతకు మించిన కాపలా లేదు.

ఒక చెయ్యి వచ్చి తువ్వాలు తీసింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, కుర్చీ మీద తిరిగి పెట్టింది. తువ్వాలు దొంగిలించలేదు. సంచీ తీసుకుంది. మెట్లు దిగుతుండగా వెనక దేవిక గొంతు వినబడింది. "నాన్నా, బ్యాగేది?" ఆయన జవాబు వినబడలేదు. అప్పటికి ఆయన గొంతులో గుసగుస తప్ప మరేమీ మిగలలేదు. బాగున్న గొంతంతా నా దగ్గరే ఉంది. దాన్ని చంకన పెట్టుకుని దొంగ ఆటో ఎక్కాడు.

తన గదిలో వాడు పాస్‌వర్డులు కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ నేను ఫొటో తీశాను. దేవిక నేర్పినట్టే, ఒక్కటి కూడా తప్పకుండా. అన్నిటిలోనూ గవర్రాజు పెట్టిన కుంకుమే పడింది. విసుగెత్తి వాడు నన్ను పాత కంప్యూటర్లు అమ్మే సందులో ఢిల్లేశ్వర్రావు కొట్టుకు అమ్మేశాడు. పెన్‌డ్రైవు విడిగా ఎవరికో పోయింది. ఏ ఆటోలోనో దాని మీద ఇప్పుడు సినిమా పాటలు మోగుతూ ఉంటాయి.

ఢిల్లేశ్వర్రావు చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకునైనా బతికేదాన్ని. కొత్త ప్రోగ్రాములు ఎక్కించడానికి నాకు నెట్ వైరు తగిలించాడు. ఎన్నాళ్లుగానో బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. నేనున్న సందు, నేను తీసిన ఫొటోలు, అన్నీ దేవికకు పంపేశాను. బదులుగా ఆమె ఎప్పుడో రాసి ఉంచిన మాట నా తెర మీదకు వచ్చింది. ఢిల్లేశ్వర్రావు పైకే చదివాడు.

"ఈ ల్యాప్‌టాప్ మాది. ఇందులో మా నాన్న గొంతు ఉంది. ఇంకెక్కడా లేదు. కేసు పెట్టము. దయచేసి ఫోన్ చెయ్యండి."

కింద నెంబరు ఉంది. ఆయన జేబులోంచి ఫోను తీశాడు. నా ఒంట్లో ఒక్కసారి ప్రాణం కదిలింది. నాలుగు అంకెలు నొక్కాడు కూడా. అంతలో ఆగిపోయాడు.

"ఆ మధ్య దొరికిన సెల్లు తిరిగిచ్చీసినందుకు పోలీసు టేసను చుట్టూ తిప్పీసినారు" అన్నాడు తనలో తనే. ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "పాపం, ఎవురి గొంతో."

జాలిపడ్డాడు, వైరు పీకేశాడు. వెనక మూత విప్పి డిస్కు తీసి ఇంకో యంత్రానికి తగిలించి, శుభ్రంగా తుడిచేశాడు. ఎర్ర చొక్కా గుంటడు, పచ్చ చొక్కా గుంటడు, నీలం గౌను గుంట, అందరూ పోయారు. టీ ఎట్టమ్మా పోయింది. ఒక మనిషి గొంతు పోవడానికి ఢిల్లేశ్వర్రావు ఒక గ్లాసు టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. తరవాత అడుగున నా నెంబరున్న కాగితం గీకేశాడు. చివరికి నా నుదుటి మీద చూపు పడింది. చిన్న చాకుతో గంధం పెచ్చు లేపి, దూది ముంచి తుడిచాడు. పొడి కుంకుమ కింద రాలింది. దేవుడి బొట్టు కదాని వేలితో అద్దుకుని తన నుదుటికి రాసుకున్నాడు.

ఇన్నాళ్లకు నా కంటికి వెలుతురు కనబడింది. ఢిల్లేశ్వర్రావు తరవాత ఆ కంటితో నేను మొదట చూసింది కానిస్టేబులును, వెనక దేవికను, ఆమె పక్కన గవర్రాజును. మర్నాడే వచ్చారు. ఆపరేషన్ అయ్యాక ఆయన బాగా చిక్కిపోయాడు. మెడ చుట్టూ తువ్వాలు ఉంది, ఆ రోజు నన్ను కప్పిన తువ్వాలే. దాని కింద, మాట ఉండవలసిన చోట, ఊపిరి ఒక్కటే గురగురమంటోంది.

కానిస్టేబులు దేవిక ఫోనులో ఫొటోలు తిప్పి తిప్పి చూశాడు. "ఏటమ్మా ఇది? అంతా ఎర్రగా ఉంది. దొంగెక్కడున్నాడు ఇందులో?"

దేవిక ఫోను వెనక్కి తీసుకుంది. తండ్రి వంక చూడకుండా ఉండటానికి ఆమె పడిన అవస్థ నేను చూశాను. కానీ ఆయనకు తెలిసిపోయింది. ఆ ఎరుపు ఎవరి చేతిదో ఆయన కంటే ఎవరు గుర్తుపడతారు? రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"మా దానికి నుదుటి మీద బొట్టుంటాదండి" అంది దేవిక.

"బొట్టున్నవి నా కాడ లేవమ్మా. ఎతుక్కోండి, నానొద్దన్నానేటి" అన్నాడు ఢిల్లేశ్వర్రావు. అబద్ధం కాదు. ఆయన నుదుటి మీద నిన్నటి ఆ కుంకుమ మరక ఇంకా ఎర్రగానే ఉంది.

అలమరలో నాలాంటివి ఇరవై దాకా ఉన్నాం, అందరమూ బూడిద రంగే. గవర్రాజు ఒక్కొక్కదాన్నీ తెరిచి, వంగి నుదురు చూసి, మూసి పక్కన పెట్టాడు. నా వంతు వచ్చింది. ఆయన వేలు సరిగ్గా కెమెరా మీద, బొట్టు పెట్టిన చోట ఆగింది. ముఖం ఎంత దగ్గరగా ఉందంటే కంటిలో తడి కూడా కనబడింది. జాతర జనంలో తప్పిపోయిన ప్రతి పిల్లాడినీ ఎవరో ఒకరు ఆయన దగ్గరకు తెచ్చారు. నన్ను తేవడానికి ఎవరూ లేరు, ఆయనే వచ్చాడు. నేను ఇక్కడున్నాను అని చెప్పడానికి ఆయన ఇచ్చిన గొంతు కూడా నా దగ్గర లేదు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో తెలియదు. నన్ను మూసి, పక్కదాన్ని తెరిచాడు.

వాళ్లు వెళ్లిపోయాక ఢిల్లేశ్వర్రావు నన్ను అలమరలోంచి తీసి వేరే పెట్టాడు. ఎవరో నా ధర అడిగితే అమ్మేది కాదన్నాడు, ఎందుకో తెలియదు. లోపలివి మాత్రం ఒక్కొక్కటే వేరేవాటికి ఊడదీసుకుని, ఇప్పుడు పైన అటక మీద, తీగల ముద్దల మధ్య పడేశాడు. కింద రేడియోలో అమ్మవారి జాతర దగ్గర పడుతోందని చెబుతున్నారు. ఈసారి ఆ బల్ల దగ్గర ఎవరు నిలబడతారో, పిల్లలు తప్పిపోతే వాళ్ల తల్లులకు ఏం చెబుతారో తెలియదు.

చీకటి పడ్డాక నేను మూగగా ఒకటే మాట అనుకుంటూ ఉంటాను. బూడిద రంగు పెట్టె ఒకటి ఢిల్లేశ్వర్రావు కొట్టు అటక మీదుంది. పేరు చెప్పనేకపోతంది. కంగారు పడకు బావూ. ఏడవట్నేదు.